అన్నవాహిక క్యాన్సర్: వృద్ధి కారకాలు, శోషరస మార్గ వ్యాప్తి

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండర నాళం. దీనిలో పుట్టిన క్యాన్సర్ విషయంలో రోగి భవితవ్యాన్ని ప్రధానంగా నిర్ణయించేవి రెండు అంశాలు. ఒకటి, గడ్డ గోడలో ఎంత లోతుకు దిగిందన్నది. రెండవది, శోషరస కణుపులకు చేరిందా లేదా అన్నది. ఈ రెండింటికీ గల సంబంధం అన్నవాహిక నిర్మాణంలోనే ఉంది.

పెద్దపేగు లోపలి పొరలో శోషరస నాళాలు అతి స్వల్పం. అన్నవాహికలో అలా కాదు. శ్లేష్మపొరలోనే అవి మొదలై, దాని కింది పొరలో దట్టమైన వలగా అల్లుకొని, నాళం పొడవునా సాగుతాయి. బేస్తవారిపేటకు పొరుగున గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువు నీరు పల్లానికే పారుతుంది. అన్నవాహిక శోషరసానికి అటువంటి ఒకే దిశ లేదు. అది పైకి మెడ కణుపులకూ, కిందికి ఉదరంలోని కణుపులకూ పోగలదు. కనుకనే రొమ్ము భాగంలోని గడ్డ, పక్కనున్న కణుపులను విడిచి, దూరాన మెడలో బిళ్ళగా బయటపడవచ్చు. శ్లేష్మపొరకే పరిమితమైన గడ్డలు కణుపులకు చేరడం అరుదు. కింది పొరలోకి దిగిన గడ్డల్లో మాత్రం ఐదింట ఒకటి మొదలుకొని దాదాపు సగం వరకు కణుపులకు వ్యాపించినట్లు శస్త్రచికిత్సానంతర పరీక్షలు తెలియజేస్తున్నాయి. మధ్యనున్న దూరం మిల్లీమీటరులో కొద్ది భాగమే.

అయితే క్యాన్సర్ కణాలు ఉన్న దారినే వాడుకొని ఊరుకోవు, కొత్త దారులనూ వేయించుకుంటాయి. ఇక్కడే వృద్ధి కారకాల పాత్ర మొదలవుతుంది. రక్తనాళాల పెరుగుదలను ప్రేరేపించే వి.ఇ.జి.ఎఫ్. కుటుంబంలోని 'సి' రకాన్ని 1996లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ పరిశోధకులు వివరించారు. గడ్డలోని కణాలూ, గడ్డ చుట్టూ చేరిన కొన్ని తెల్ల రక్తకణాలూ దీనిని స్రవిస్తాయి. ఇది శోషరస నాళాల లోపలి కణాలపై ఉండే మూడవ రకం గ్రాహకానికి అతుక్కుంటుంది. దానితో ఆ కణాలు విభజన చెంది, గడ్డ వైపు కొమ్మలు వేస్తాయి; ఉన్న నాళాలు వెడల్పవుతాయి. 'డి' రకం కారకం కూడా ఇదే గ్రాహకం ద్వారా పనిచేస్తుంది. 2001లో జంతువులపై జరిగిన ప్రయోగాలు ఈ కారకాలు ఎక్కువైతే కణుపులకు వ్యాప్తి పెరుగుతుందని నిరూపించాయి. అదే సంవత్సరం జపాన్ పరిశోధకులు అన్నవాహిక పొలుసు కణ క్యాన్సర్‌లో 'సి' కారకానికీ కణుపుల వ్యాప్తికీ సంబంధాన్ని చూపారు. తరువాతి అధ్యయనాలన్నీ ఒకే స్థాయిలో ఏకీభవించలేదన్నది గమనార్హం. ఎందుకంటే దారి ఒక్కటే చాలదు. దారి పట్టే కణం కూడా కావాలి. కొన్ని క్యాన్సర్ కణాలు తమపై మోసే గ్రాహకాలు, కణుపులనుండి వెలువడే ఆకర్షక రసాయనాల వైపు వాటిని నడిపిస్తాయి.

'సి' కారకాన్ని అడ్డుకొనే మందు అన్నవాహిక క్యాన్సర్ చికిత్సలో ఇంకా వాడుకలోకి రాలేదు. ప్రస్తుతం ఫలితాన్నిస్తున్నది సమగ్ర చికిత్సే. నెదర్లాండ్స్‌లో జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, శస్త్రచికిత్సకు ముందు కీమోథెరపీ, రేడియేషన్ కలిపి ఇచ్చినప్పుడు మధ్యస్థ జీవితకాలం 24 నెలలనుండి 49 నెలలకు పెరిగింది.

అంతవరకు రావాలంటే రోగి సకాలంలో రావాలి. అన్నవాహిక సాగే గుణం గలది కాబట్టి మార్గం సగానికి పైగా మూసుకుపోయేవరకు ఇబ్బంది తెలియదు. పశ్చిమ ప్రకాశంలో ముందుగా సంగటి ముద్ద దిగదు. రోగి జావకు మారతాడు. బాధ తీరినట్లు తోస్తుంది. జావకూ ఇబ్బంది కలిగేనాటికి కణుపులకు వ్యాపించి ఉండే అవకాశం అధికం. బేస్తవారిపేటవంటి మండలాలనుండి క్యాన్సర్ చికిత్సకై గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రివంటి దూర కేంద్రాలకు వెళ్ళవలసి రావడం ఈ ఆలస్యాన్ని మరింత పెంచుతుంది. పొగాకు, మద్యం అలవాటున్న వారిలో ముద్ద అడ్డుపడటం రెండు మూడు వారాలు కొనసాగితే ఎండోస్కోపీ చేయించడం అవసరం. పరీక్షలో అయోడిన్ ద్రావణం చల్లితే ఆరోగ్యకరమైన పొర ముదురు గోధుమ రంగుకు మారుతుంది. గ్లైకోజన్ కోల్పోయిన చోటు రంగు పట్టదు. ముక్క తీసి పరీక్షకు పంపవలసింది అక్కడినుండే.