రాసే ఉద్యోగానికి ఏ డిగ్రీ చదవాలి?

ఇంటర్ పాసయిన పిల్ల ఇంట్లో ఉంటే ఇంజనీరింగా, డిగ్రీయా అని ఒకటే చర్చ. పిల్ల చక్కగా రాస్తుందంటే, "రాతలు కూడు పెడతాయా?" అనేస్తాం. కూడు పెట్టే రాత ఒకటుంది. దాని పేరు టెక్నికల్ రైటింగ్. మిక్సీతో వచ్చే చిన్న పుస్తకమూ, కంప్యూటర్ ప్రోగ్రాం ఎలా వాడాలో చెప్పే పాఠమూ ఎవరో కూర్చుని రాసినవే.

మన గుంటూరు వైపు ఈ రాత విలువ వేరే చెప్పక్కర్లేదు. మిరపకీ పత్తికీ కొట్టే పురుగుమందు ప్యాకింగులో వివరాల కాగితం పెట్టి తీరాలని 1971 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఎలా వాడాలి, విషం సోకితే కనిపించే లక్షణాలేమిటి, విరుగుడేమిటి, అన్నీ అందులో ఉండాలి. డబ్బా మీద ఎరుపు రంగుంటే మహా విషం. ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. కూరలో "తగినంత ఉప్పు" అంటే మనం సర్దుకుంటాం. మందు దగ్గర "తగినంత" అంటే ప్రాణం మీదికొస్తుంది. చేతులకి తొడుగులు వేసుకోమన్న మాట, మందు కలపమన్న మాట కంటే ముందు రావాలి.

మరి ఏం చదవాలి? డాక్టరుకీ లాయరుకీ ఉన్నట్టు దీనికి ఫలానా డిగ్రీయే ఉండాలన్న చట్టం లేదు. ఇంజనీరింగ్ వాళ్ళూ చేస్తున్నారు, ఇంగ్లీషు ఎం.ఏ. వాళ్ళూ చేస్తున్నారు. మా నల్లపాడు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన అమ్మాయికి యంత్రం తెలుస్తుంది, ఆమె భాషకి పదును పెట్టుకోవాలి. హైదరాబాదు ఇఫ్లూలో ఎం.ఏ. చేసిన అమ్మాయికి భాష వచ్చు, ఆమె ఏదో ఒక సాంకేతిక విషయం నేర్చుకోవాలి.

ముందు ముందు ఈ పని ఉంటుందా అన్న భయం ఉత్తదేం కాదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక వాక్యాలు మిషనే అల్లేస్తోంది. అమెరికాలో ఈ రచయితల పాత సంఘం ఎస్.టి.సి. డబ్బు ఇబ్బందులతో 2025 జనవరిలో మూతపడింది. అందుకని ఒట్టి వాక్యాలు దిద్దే పనినే నమ్ముకోకూడదు. కానీ మిషను రాసిన కొలత సరైనదేనా, చదివే రైతుకి అర్థమవుతుందా అని చూసే మనిషి కావాలి. తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది మనిషే కదా!

ఫీజు కట్టేముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. కుక్కర్ గాస్కెట్ మార్చడం ఎలాగో పది వాక్యాల్లో అమ్మాయి చేత రాయించండి. ఎప్పుడూ వంటింటి మొహం చూడని వాళ్ళకిచ్చి చేయించండి. వాళ్ళు ఎక్కడ ఆగారో అక్కడ తిరిగి రాయమనండి. ఆ తిరగరాయడం విసుగనిపించకపోతే, ఆ పిల్లకి ఈ పని పట్టుబడుతుంది.