ఉప్పులేని నీటిలో సన్నని తీగ

మూడు టార్చి సెల్లులు, ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, రెండు రాగితీగలు వరుసగా కలపండి. తీగల కొనలను స్వేదనజలంలో ముంచితే దీపం వెలగదు. చెంచాడు ఉప్పు కలపండి, వెలుగుతుంది. (ఇంట్లోని ప్లగ్గుతో మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చేయవద్దు!) నీటిలో విద్యుత్తును మోసేవి అయాన్లు. అవి లేకపోతే నీరు మొండికేస్తుంది.

పటాన్‌చెరు ప్రాంతపు మందుల కర్మాగారాలకు కావలసింది ఈ మొండి నీరే. అమెరికా ఔషధ ప్రమాణాల తొలి పరీక్షలో, 25 డిగ్రీల వద్ద దాని వాహకత సెంటీమీటరుకు 1.3 మైక్రోసీమెన్లు మించరాదు. ఆ పక్కనే మంజీరలో కలిసే నక్కవాగు ఏళ్ల తరబడి కర్మాగారాల వ్యర్థజలాన్ని మోసింది. లవణాలున్న అటువంటి నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది. మురికినీటి కంటే శుద్ధజలమే కొలతకు మొండికేయడం విచిత్రం కదా!

ఎలక్ట్రోడు వద్ద ఒక పదార్థం ఎలక్ట్రానులను ఇచ్చిపుచ్చుకుంటే ప్రవాహం పుడుతుంది. ఆ ప్రవాహాన్ని బట్టి పదార్థం ఎంత ఉందో చెప్పవచ్చు. కాని నీటి నిరోధం ఎక్కువైతే మనమిచ్చిన వోల్టేజి దారిలోనే ఖర్చయిపోతుంది. ఉప్పు కలపవచ్చుగా అంటారా? సాధారణంగా చేసేది అదే. అయితే ఉప్పుతోపాటు దానిలోని మలినాలూ వస్తాయి. అప్పుడు మనం కొలిచేది మొదటి నీటిని కాదు.

ఇక్కడ ఎలక్ట్రోడును బాగా చిన్నది చేయడమే ఉపాయం. వెంట్రుక కంటే సన్నని ప్లాటినం తీగను గాజులో పొదిగి, కొనను మాత్రం అరగదీసి బయటపెడతారు. మీరే లెక్క వేయండి. సెంటీమీటరుకు 10 మైక్రోసీమెన్ల వాహకత గల నీటిలో 3 మిల్లీమీటర్ల బిళ్ల ఎదుట నిరోధం సుమారు 1,67,000 ఓములు. దాని గుండా 20 మైక్రోఆంపియర్లు పారితే ఓమ్ నియమం ప్రకారం నష్టం 3.3 వోల్టులు. అంత నష్టంతో కొలత ఏముంటుంది? అదే 10 మైక్రోమీటర్ల బిళ్లకు నిరోధం 5 కోట్ల ఓములకు పెరుగుతుంది. కంగారు పడకండి, ప్రవాహం 2 నానోఆంపియర్లకు పడిపోతుంది. నష్టం 0.1 వోల్టు మాత్రమే! నిరోధం 300 రెట్లు పెరిగితే ప్రవాహం 10,000 రెట్లు తగ్గింది. నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఇంకా శుద్ధమైన నీటిలో ఈ 0.1 కూడా పెరుగుతుంది. కొలిచే పదార్థం అతి స్వల్పంగా ఉంటే మళ్లీ తగ్గుతుంది.

మందుల తయారీలో వాడే సేంద్రియ ద్రావణులూ ఇలాంటి మొండివే. వాటిలో లవణం కలపకుండానే ప్లాటినం సూక్ష్మ ఎలక్ట్రోడులతో కొలవవచ్చని బాండ్, ఫ్లీష్మన్, రాబిన్సన్ 1984లో ప్రకటించారు. అయితే నానోఆంపియర్లు మహా సుకుమారం. గదిలో ఫ్యాను స్విచ్చి వేసినా కొలత చెదురుతుంది. అందుకే గ్లాసును, తీగను ఒక లోహపు పెట్టెలో మూసి, పెట్టెను భూమికి కలిపి, ఆ తరువాతే మీటరు వైపు చూస్తారు.