పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ ఎక్కడ ఆగింది?

జావాలో రాసిన వెబ్ అప్లికేషన్ లాగిన్ అడుగుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జాగ్రత్తగా కొట్టి బటన్ నొక్కితే ఎర్రర్ పేజీ ఎదురవుతుంది. చాలామంది డెవలపర్లు వెంటనే డేటాబేస్ తెరిచి పాస్‌వర్డ్ మార్చేస్తారు. దారి తప్పేది అక్కడే. బటన్ నొక్కింది మొదలు అడిగిన పేజీ తెరుచుకునేదాకా ఫారం, సెషన్, రెల్మ్, రోల్ అనే నాలుగు మజిలీలున్నాయి. పాస్‌వర్డ్‌ను పరిశీలించేది వీటిలో రెల్మ్ ఒక్కటే.

ఫారం లాగిన్‌కు 1999 నాటి సర్వ్‌లెట్ 2.2 నిర్దేశంలో పెట్టిన పేర్లే ఇప్పటికీ చెల్లుతున్నాయి. ఫారం వెళ్లాల్సిన చిరునామా జె_సెక్యూరిటీ_చెక్. గడుల పేర్లు జె_యూజర్‌నేమ్, జె_పాస్‌వర్డ్. ఆ చిరునామాకు ప్రోగ్రామర్ ఏ కోడూ రాయనక్కర్లేదు, అప్లికేషన్‌ను నడిపే టామ్‌క్యాట్ లాంటి కంటైనర్ దారిలోనే అందుకుంటుంది. వెబ్.ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఆథ్ మెథడ్ ‘ఫారం’ అని రాయడం మరిచిపోతే అందుకునేవారుండరు, 404 స్టేటస్ కోడ్ వస్తుంది. గడికి ఐడీ మాత్రమే పెట్టి నేమ్ పెట్టకపోవడం మరో మామూలు పొరపాటు. నేమ్ లేని గడిలో ఏం కొట్టినా బ్రౌజర్ దాన్ని సర్వర్‌కు పంపదు.

అసలు చిక్కులు సెషన్‌లో ఉంటాయి. రక్షిత పేజీని ఎవరైనా అడిగితే కంటైనర్ ఆ అభ్యర్థనను సెషన్‌లో దాచుకుని, దాని బదులు లాగిన్ పేజీ చూపిస్తుంది. లాగిన్ కుదిరాక మొదట అడిగిన పేజీకి తిరిగి పంపుతుంది. అంటే లాగిన్ పేజీ దానంతట అది నిలబడేది కాదు, ఏదో ఒక పేజీకి వెళ్లే దారిలో మధ్యలో వచ్చేది. దాన్నే బుక్‌మార్క్ చేసుకుని నేరుగా తెరిస్తే, సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా టామ్‌క్యాట్ 400 గానీ 408 గానీ అంటుంది, ఎక్కడికి పంపాలో దానికి తెలియదు కాబట్టి. లాగిన్ పేజీ ముందు చాలాసేపు ఊరుకుంటే సెషన్ గడువు తీరిపోయి 408 వస్తుంది. టామ్‌క్యాట్‌లో ఈ రెండు సంఖ్యలూ పాస్‌వర్డ్ తనిఖీ దాటాకే వస్తాయి. పాస్‌వర్డ్ నిజంగా తప్పైతే వచ్చే ఎర్రర్ పేజీ మామూలుగా 200తో వస్తుంది! అందుకే బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఈ సంఖ్యను చూడటమే మొదటి పని కావాలి.

సైట్ మొత్తానికి రక్షణ పెట్టినవాళ్లకు ఇంకో వింత ఎదురవుతుంది. లాగిన్ పేజీకి రంగులద్దే సీఎస్‌ఎస్ ఫైలు కూడా రక్షణలోకి వెళ్లిపోతుంది. బ్రౌజర్ దాన్ని అడగగానే టామ్‌క్యాట్ ఆ అభ్యర్థననే చివరిదిగా గుర్తుపెట్టుకుంటుంది. లాగిన్ కుదురుతుంది, కానీ తెరమీద హోమ్ పేజీ బదులు సీఎస్‌ఎస్ కోడ్ ప్రత్యక్షమవుతుంది. సీఎస్‌ఎస్, బొమ్మలు, ఫెవికాన్‌లను రక్షణ బయట ఉంచితే సమస్య పోతుంది.

సెషన్‌కు గుర్తు జెసెషన్ఐడీ అనే కుకీ. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది: తూర్పు గోపురం దగ్గర తీసుకున్న టోకెన్ పడమటి స్టాండులో చెల్లదు. లోడ్ బ్యాలెన్సర్ వెనుక రెండు సర్వర్లున్నప్పుడు లాగిన్ పేజీ ఒకటి ఇచ్చి, ఫారం రెండోదానికి చేరితే జరిగేది అదే. ఒక వినియోగదారు అభ్యర్థనలన్నీ ఒకే సర్వర్‌కు వెళ్లేలా చూడాలి, లేదా సెషన్లను సర్వర్లు పంచుకోవాలి.

రెల్మ్ దగ్గర డెవలపర్లను ఎక్కువగా ఏడిపించేది లాకౌట్ రెల్మ్. టామ్‌క్యాట్ మామూలు అమరికలోనే ఇది ఉంటుంది. వరుసగా 5 సార్లు విఫలమైతే ఆ యూజర్‌ను 300 సెకన్లు ఆపేస్తుంది. ఆ సమయంలో సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా ఒప్పుకోదు. మళ్లీ తప్పు పాస్‌వర్డ్ ఇస్తే గడియారం మొదటికొస్తుంది. ఎర్రర్ పేజీ మాత్రం ఎప్పటిదే, తాళం పడిందని అందులో ఎక్కడా ఉండదు. పరీక్షిస్తూ పదేపదే కొట్టే మనిషి, లోపాన్ని సరిదిద్దాక కూడా తన మార్పు పనిచేయలేదనే అనుకుంటాడు. మరో లోపం హాష్‌ది. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ హాష్ రూపంలో ఉండి, రెల్మ్‌కు క్రెడెన్షియల్ హ్యాండ్లర్ అమర్చకపోతే, కొట్టిన అక్షరాలనే హాష్‌తో పోల్చుతుంది. అవి ఎన్నటికీ కలవవు.

చివరి మజిలీ రోల్. అక్కడ ఆగి 403 వస్తే సంతోషించాలి. మనిషి ఎవరో సర్వర్‌కు తెలిసింది, ఆ పేజీ చూసే రోల్ మాత్రం అతనికి లేదు. వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన రోల్ పేరూ డేటాబేస్‌లో ఉన్న పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని చూస్తే చాలు.

యూజర్‌నేమ్‌ను తెలుగులో పెట్టుకోనిచ్చే సైట్లు ఇంకొకటి చూసుకోవాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు 3 బైట్లు పడతాయి. సర్వర్ వాటిని ఐఎస్ఓ-8859-1గా చదివితే ‘లక్ష్మి’ గుర్తుపట్టలేని గీతలుగా మారిపోతుంది, అలాంటి యూజర్ లేరని రెల్మ్ చెబుతుంది. టామ్‌క్యాట్‌లో ఫారం ఆథెంటికేటర్‌కు క్యారెక్టర్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 అని అమర్చాలి. తెలుగు పేరున్నవాళ్లు ఇంగ్లీషు అక్షరాలు వాడుకోవాలనడం పరిష్కారం కాదు.

ఇవన్నీ చూశాక కూడా అంతుచిక్కకపోతే లాగింగ్ అమరికల్లో రెల్మ్, ఆథెంటికేటర్ ప్యాకేజీల స్థాయిని ‘ఆల్’కు పెంచాలి. ఏ మజిలీలో ఆగిందో లాగ్ ఫైలు వరుసగా చెబుతుంది. పని అయ్యాక ఆ స్థాయిని తగ్గించడం మరవకూడదు.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో జె_పాస్‌వర్డ్ పక్కన పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఫారం లాగిన్ దాన్ని ఏ రకంగానూ దాచదు, ఆ పని హెచ్‌టీటీపీఎస్‌దే. కాబట్టి వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో ట్రాన్స్‌పోర్ట్ గ్యారంటీని ‘కాన్ఫిడెన్షియల్’గా పెట్టకుండా ఏ లాగిన్ పేజీనీ జనం వాడకానికి ఇవ్వకండి.