ఎండిన వాగులో ఆఖరి మడుగు

రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో వాగును ‘నర్వా’ అంటారు. ఖారున్ నదిలో కలిసే ఇలాంటి చిన్న వాగుల నీరు శివనాథ్ మీదుగా మహానదికి చేరుతుంది. మెరక నుంచి వాగు వైపు దిగుతుంటే నేల రంగే మారిపోతుంది. పైన ఎర్రటి గులకరాళ్ల ‘భాటా’, దాని కింద పసుపు ఛాయగల ‘మటాసి’, ఆ తర్వాత ‘డోర్సా’, అన్నిటికన్నా దిగువన నీటిని పట్టి ఉంచే నల్లటి ‘కన్హార్’. ఇవి రైతుల నోట పుట్టిన పేర్లు. శాస్త్రవేత్తలూ వీటినే వాడుతున్నారు.

ఇక్కడి వానలో అధిక భాగం జూన్-సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. వేసవికల్లా ప్రవాహం తెగి, వాగు విడివిడి మడుగులుగా మిగులుతుంది.

అసలు కథ అప్పుడే మొదలవుతుంది. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఆక్సిజన్ తగ్గిన నీటిలోనూ నెగ్గుకొస్తుంది. మార్పు చేపదీ అదే ఉపాయం. నత్తగుల్ల బురదలోకి దిగి, మూత బిగించుకుని, వానలొచ్చేదాకా కదలదు. ఇలాంటి ఏర్పాటు లేని చిన్న పరకలకు మడుగే దిక్కు. కొంగలు, లకుముకి పిట్టలు ఎన్ని తిన్నా కొన్ని చేపలు మిగులుతాయి. మోటారు పెట్టి నీరంతా తోడేస్తే ఏవీ మిగలవు. తొలకరికి వాగు నిండినా, అందులోకి చేపలు దిగువ నది నుంచి ఎదురీది రావాల్సిందే.

2018 చివర్లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వం ‘నర్వా, గరువా, ఘురువా, బారీ’ పేరిట వాగుల్లో నీటిని నిలిపే పనులు చేపట్టింది. అయితే ఎత్తైన కాంక్రీటు అడ్డుకట్ట నీటిని నిలిపినా, ఎదురీదే చేపకు దారి మూసేస్తుంది. రాళ్లు పేర్చిన పొట్టి కట్టల సందుల్లో చిన్న చేపలకు కొంతైనా దారి దొరుకుతుంది.