తోడే దారిబత్తెం

అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వచ్చే మండల కేంద్రం గార్లదిన్నె. మండలంలో పెన్నా మీద మిడ్ పెన్నార్ డ్యాం ఉంది. దాని నీళ్లు అందని చోటల్లా వాన కోసం ఎదురుచూసే మెట్టనేలలు, చెనిక్కాయ చేలు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే జిల్లా ఇది. ఇలాంటి చోట పరుగంటే ముందు గుర్తొచ్చేది ఉద్యోగం. పోలీసు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లను మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు పదిన్నర నిమిషాల్లో ముగించాలి. సైన్యం ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేసినవాళ్లకే పూర్తి మార్కులు. అందుకే నోటిఫికేషన్ పడిందంటే ఈ జిల్లా పల్లెల్లో తెల్లారకముందే స్కూలు గ్రౌండ్లు నిండుతాయి. నాలుగు వందల మీటర్ల చుట్టు నాలుగుసార్లు తిరగాలి, మగవాళ్లకైతే చుట్టుకు రెండు నిమిషాలకు మించకూడదు. మొదటి రెండు చుట్లు ఎవరైనా తిరుగుతారు. మూడో చుట్టులో ఊపిరి అందదు, పిక్కలు బిగుసుకుంటాయి, ఆగిపోదామనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే సెల్‌ఫోన్‌లో టైం చూస్తూ అంచున నిలబడ్డవాడు కేకేస్తాడు: ‘‘ఇంగ ఒగ సుట్టే, ఆగాకప్పా!’’ ఆ కేకతో కాళ్లు మళ్లీ కదులుతాయి. దాన్ని ఉత్త అరుపుగా తీసిపారేయకూడదు. దూరం పరుగెత్తే శిక్షణలో బూట్లకూ తిండికీ ఎంత విలువుందో, పక్కనున్న మనిషి మాటకూ అంతే విలువుంది. ఇంకా గట్టిగా చెప్పాలంటే, సరదాగా పరుగెత్తే మామూలు మనిషిని పది కిలోమీటర్ల నుంచి మారథాన్ దాకా తీసుకెళ్లే అసలు దారిబత్తెం తోడే.

ఇది మనసును సంతోషపెట్టడానికి అంటున్న మాట కాదు, కొలిచి చూసిన సంగతి. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సుమారు 11 లక్షల మంది రన్నర్ల ఐదేళ్ల పరుగు వివరాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పరుగెత్తేవాళ్లు పరుగెత్తేవాళ్లతోనే స్నేహం చేస్తారు కాబట్టి, స్నేహం వల్ల పరుగు పెరిగిందో, పరుగు వల్ల స్నేహం కలిసిందో తేల్చడం కష్టం. ఆ చిక్కును వాళ్లు వాతావరణంతో విప్పారు. స్నేహితుడి ఊళ్లో వాన పడితే అతని పరుగు తగ్గుతుంది. ఆ రోజు వాన లేని ఇంకో ఊళ్లో ఉన్న మనిషి పరుగు కూడా తగ్గితే, ఆ మార్పు స్నేహితుడి వల్లే వచ్చినట్టు లెక్క. అలా తేలిందేమంటే, స్నేహితులు ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెత్తితే ఆ రోజు మనం దాదాపు 300 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతాం. అంతకుముందు 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పడవ పోటీల జట్టులో 12 మందిని పరీక్షించారు. ఒంటరిగా సాధన చేసిన రోజుకన్నా కలిసి చేసిన రోజు, పడిన శ్రమ ఒకటే అయినా, వాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. ఇది చిన్న ప్రయోగమే. కానీ పాట పాడుతూ వరుసగా నాట్లు వేసినవాళ్లకు, పదిమంది కలిసి చెనిక్కాయ చెట్లు పీకినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ కనిపించదు. కలిసి పనిచేస్తే ఒళ్లు నొప్పులు తెలియవని మన కూలీజనం ఏనాడో అనుభవంతో చెప్పారు. ఇక ప్రపంచంలోనే మేటి రన్నర్లలో ఒకరైన ఎలియుడ్ కిప్‌చోగె సంగతి చూద్దాం. 2019 అక్టోబరు 12న వియన్నాలో ఆయన మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో దాటారు. ఆ పరుగులో ఆయన చుట్టూ గాలిని అడ్డుకుంటూ, వేగం తప్పకుండా చూస్తూ 41 మంది వంతులవారీగా పరుగెత్తారు. అంతటివాడికే అంతమంది అవసరమైనప్పుడు, పొద్దున లేవడానికే బద్ధకించే మనకు ఒక్కరైనా తోడు అక్కర్లేదా?

తోడు ఉత్సాహం కోసమే అనుకుంటే సగమే తెలిసినట్టు. దూరపు పరుగు శరీరంలో ఎలా సాగుతుందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. గార్లదిన్నె నుంచి అనంతపురం వెళ్లి మళ్లీ వెనక్కి వస్తే ఇంచుమించు అంత దూరం, ఒకవైపు వెళ్తే హాఫ్ మారథాన్. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం సుమారు రెండు వేల కేలరీలు ఇస్తుంది. తొందరపడి మొదట్లోనే వేగంగా పరుగెత్తితే ఆ నిల్వ ముప్పై కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. ముందు గోడ అడ్డొచ్చినట్టుందని రన్నర్లు చెప్పే స్థితి అదే. నెమ్మదిగా పరుగెత్తితే శరీరం కొవ్వును కూడా కలుపుకుని ఖర్చుపెడుతుంది, నిల్వ ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి శిక్షణలో ఎక్కువ భాగం నిదానంగానే సాగాలి. ఎంత నిదానమో తెలుసుకోవడానికి ఖరీదైన గడియారం అక్కర్లేదు. పక్కవాళ్లతో మాట తెగకుండా మాట్లాడుతూ పరుగెత్తగలిగితే వేగం సరిపోయినట్టు, రెండు మాటలకే రొప్పు వస్తే ఎక్కువైనట్టు. అంటే పక్కన పరుగెత్తే మనిషే మీటరు. ఒంటరిగా వెళ్లే కొత్తవాళ్లలో చాలామంది మొదటి వారమే వేగంగా పరుగెత్తి, రెండో వారం కాళ్లు పట్టేసి, మూడో వారం మానేస్తారు. కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లు తెలియకుండానే సరైన వేగంలో ఉండిపోతారు.

ఈ సూత్రం మీదే తెలుగు నేలలో పరుగు సంఘాలు పెరిగాయి. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ కుర్చీకి అలవాటుపడ్డ మనుషులను అయిదు కిలోమీటర్లు పరుగెత్తించే శిక్షణ ఇస్తోంది. కాసేపు నడక, కాసేపు పరుగు, వారంవారం పరుగు వాటా పెంచడం దాని పద్ధతి. అలా మొదలుపెట్టినవాళ్లలో కొందరు ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో నిలబడతారు. విశాఖలో నేవీ మారథాన్ సముద్రపు ఒడ్డున వేలమందిని కలుపుతోంది. అనంతపురం జిల్లాకైతే తనదైన పరుగే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మన జనం నోట్లో ఆర్డీటీ, నడిపిన అల్ట్రామారథాన్‌లో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లూ మనవాళ్లూ కలిసి ఈ జిల్లా ఊళ్ల గుండా రాత్రింబవళ్లు దాదాపు 170 కిలోమీటర్లు పరుగెత్తారు. దూరాన్ని వంతులుగా పంచుకుని, ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకునే పద్ధతి అది. ఒకరి భాష ఒకరికి తెలియని మనుషులు ఒకరి చెమట చూసి ఒకరు కదిలారు. తెలుగు నేల దాటి చూసినా ఇదే తోడు కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు దూరం దాదాపు 90 కిలోమీటర్లు, గడువు 12 గంటలు. అందులో అనుభవమున్న రన్నర్ ఒకరు ‘డ్రైవర్’గా ముందుంటే, గడువులోగా చేరాలనుకునే మామూలువాళ్లు వెనక గుంపుగా కదులుతారు. ఆ గుంపును అక్కడ ‘బస్సు’ అంటారు. ఎక్కడ నడవాలో, ఎక్కడ పరుగెత్తాలో డ్రైవరే చెబుతాడు, వెనకవాళ్లు పాడుకుంటూ వెళ్తారు. ఆ బస్సుకు టికెట్ లేదు, దాన్ని అందుకోవాలన్న పట్టుదల ఉంటే చాలు.

‘‘ఇదంతా పట్నంలో డబ్బున్నవాళ్ల సరదా. పొద్దంతా ఎండలో సేద్యం చేసేవాడికి పరుగెందుకు?’’ అని అడిగితే అందులో న్యాయముంది. మడక పట్టి, కలుపు తీసి, మూటలు మోసిన మనిషిని మళ్లీ పరుగెత్తమనడం తగదు. కానీ ఊరు మారింది. ఒకప్పుడు నడిచి వెళ్లిన చేనికి ఇప్పుడు బైకు మీద వెళ్తున్నాం. అంగడిలో, బ్యాంకులో, బడిలో, సచివాలయంలో, ఆటో సీట్లో రోజంతా కూర్చునేవాళ్లు పల్లెల్లోనూ పెరిగారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహం ఉందని లెక్కగట్టింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఖర్చు విషయానికొస్తే, ఒక జత మంచి బూట్లు తప్ప మిగతాదంతా ఇక్కడ ఉన్నదే. పరుగుకు ముందు రెండు చెనిక్కాయ ఉండలు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ, ఇంటికెళ్లాక రాగి సంగటి. పట్నం అంగళ్లలో రంగు కాగితాల్లో అమ్మే బలవర్ధక పొట్లాలకు ఇవి తీసిపోవు.

మోకాళ్లు అరిగిపోతాయన్న భయం కూడా పెద్దదే. దీని మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2017లో లెక్క తీస్తే, తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందికి కనిపించింది. అయితే పోటీల కోసమే ఏళ్లతరబడి కఠోరంగా పరుగెత్తినవాళ్లలో అది 13.3 శాతం. మితమే మందని ఈ మూడు అంకెలూ చెబుతున్నాయి. గుండె గురించిన భయమూ ఉంది. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షలమందిలో 59 మందికి గుండె ఆగింది, అంటే సుమారు 1,84,000 మందిలో ఒకరికి. ఇది అరుదే, కానీ ఆ ఒక్కరి ఇంట్లో అది అరుదు కాదు. కాబట్టి నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఛాతీలో ఎప్పుడైనా నొప్పి వచ్చినవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. ఇక్కడ కూడా తోడుకు విలువుంది. పక్కన మనిషి ఉంటే పడిపోయినప్పుడు చూసేవాళ్లుంటారు, 108కి ఫోన్ చేసేవాళ్లుంటారు.

ప్రోత్సాహమే ప్రమాదం తేవచ్చన్నది అన్నిటికన్నా ఆలోచించాల్సిన అభ్యంతరం. నలుగురి ముందు వెనకబడకూడదన్న పంతంతో నొప్పి దాచుకుని పరుగెత్తేవాళ్లున్నారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఈ జిల్లాలో అలాంటి పంతం ప్రాణం మీదికి తెస్తుంది. వేడికి ఒళ్లు అలవాటుపడటానికే పది పన్నెండు రోజులు పడుతుంది, ఎండాకాలంలో ఎండెక్కకముందే పరుగు ముగించాలి. ‘‘తాగు, ఇంకా తాగు’’ అని నీళ్లు పట్టించడమూ మంచిది కాదు. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం తగ్గి కనిపించింది, ముఖ్య కారణం అతిగా తాగడమే. దాహమైనంత తాగాలి. కాబట్టి తోడు అవసరమనే మాటకు ఇంకొక మాట కలపాలి. ముందుకు తోసేవాడే కాదు, ‘‘ఈరోజుకు చాలన్నా, కాలు కుంటుతోంది, ఇంటికి పోదాం’’ అని వెనక్కి తిప్పేవాడూ తోడే. అలా చెప్పి తన పరుగు కూడా వదులుకుని కుంటేవాడితో నడిచి వచ్చినవాడే ఆ గుంపులో పెద్ద.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఎంఐటీ అధ్యయనంలోనే ఇంకొక విషయం తేలింది: మగవాళ్లను ఆడా మగా ఇద్దరూ కదిలించగలరు, ఆడవాళ్లను కదిలించేది తోటి ఆడవాళ్లే. 1967లో బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తుతున్న క్యాథరిన్ స్విట్జర్ అనే ఆమెను, ఆడమనిషన్న కారణంతో దారి మధ్యలో ఒక అధికారి పట్టుకుని లాగితే, పక్కన పరుగెత్తుతున్నవాళ్లే అతన్ని తప్పించారు, ఆమె పరుగు పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ 1984లో గానీ రాలేదు. మన ఊళ్లలో అలా పట్టి లాగేవాళ్లు లేకపోయినా, చూపులూ గుసగుసలూ అదే పని చేస్తాయి. ఒక్కతే గ్రౌండుకు రావడానికి జంకే అమ్మాయి, అక్కో వదినో తోడుంటే వస్తుంది. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే ఆడపిల్లలు ఆ దారి ఇప్పటికే తెరిచారు, పెద్దవాళ్లు వాళ్ల వెనక నడవడమే మిగిలింది.

నోటిఫికేషన్ అయిపోగానే ఆ గ్రౌండ్లు ఖాళీ అయిపోతాయి. ఉద్యోగం వచ్చినవాడు ట్రైనింగుకు వెళ్తాడు, రానివాడు ఓడిపోయాననుకుని బూట్లు అటక మీద పడేస్తాడు. కానీ నెలల తరబడి తెల్లారుజామున లేచి, చుట్టుకు సెకన్లు లెక్కపెట్టి, పక్కవాడి ఊపిరి విని వాడి ఓపిక పసిగట్టడం నేర్చినవాడు అతనే. ఊళ్లో టీచరుకు, అంగడాయనకు, షుగర్ వచ్చిన మామకు అయిదు కిలోమీటర్లు ఎలా పరుగెత్తాలో నేర్పడానికి అంతకన్నా తగినవాడు దొరకడు. ఆదివారం పొద్దున హైవే ట్రాఫిక్‌కు దూరంగా, అదే గ్రౌండులో నలుగురు కలిస్తే చాలు. మూడో చుట్టులో మామ నిలబడిపోతే ఏమనాలో ఆ కుర్రాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.