బెయిలంటే కట్టే డబ్బు కాదు



మా కొవ్వూరులో మా యింట అంట్లు తోమే ఆమె మొన్న బోసి చెవులతో పనిలోకొచ్చింది. దుద్దులేవమ్మా అంటే, "మా వాణ్ణి దొంగతనం కేసులో పట్టుకెళ్లారమ్మగారూ. గోదారవతల రాజమండ్రి జైల్లో వున్నాడు. బెయిలు కట్టాలంట, తాకట్టు పెట్టేశాను" అంది. కరెంటు బిల్లులా కోర్టులో కట్టేసే డబ్బనుకుంది పాపం. మనలో చాలామందిమీ అలాగే అనుకుంటాం.

బెయిలంటే, పిలిచినప్పుడల్లా కోర్టుకు వస్తాడని ఇచ్చే పూచీ. పదివేలకు జామీను అంటే, మనిషి రాకపోతే ఆ పదివేలూ జామీనుదారు చెల్లించుకోవాలని. ముందే కట్టమని కాదు. సరే, ఆస్తి కాగితాలున్న జామీనుదారు పేదవాళ్లకు ఎక్కడ దొరుకుతాడు? 1978లో మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రిని పదివేల జామీను అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో వుందని కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణ అయ్యర్ అది తప్పని, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. అంతకు ముందేడు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో, బెయిలు జడ్జిగారి ఇష్టాయిష్టాల మీద నడవకూడదన్నదీ ఆయనే.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. మనకందరికీ నోటికొచ్చిన 420 కూడా ఇప్పుడు 318 అయి కూర్చుంది! వకీళ్లకు బెయిలు సెక్షన్లు 437, 438, 439 కాస్తా 480, 482, 483 అయ్యాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు శిక్షాస్మృతి మాత్రం పాతదే కనుక, రెండు పుస్తకాలూ చంకన పెట్టుకు తిరగాల్సిందే.

మనకు పనికొచ్చేది 479. ఇదివరకు విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో సగం జైల్లో గడిపితే బెయిలు. ఇప్పుడు, లోగడ ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. అదీ జామీనుదారులు లేకుండా సొంత పూచీకత్తు మీదే. ఇంట్లో దొంగతనానికి ఏడేళ్లదాకా పడొచ్చు. మూడో వంతంటే 2 సంవత్సరాల 4 నెలలు. గడువు కాగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు మాత్రం లేదు.

ఒక మనిషి మీద ఒకటికి మించి కేసులుంటే కూడా ఈ వెసులుబాటు లేదట. నాకిది మింగుడు పడలేదు. చిల్లర దొంగతనాలు రెండు అంటగడితే చాలదూ?

అన్నేళ్లు ఆగక్కర్లేని దారీ వుంది. ఇలాంటి కేసులో 60 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కు. అయితే అడగాలి. అడిగేలోగా ఛార్జిషీటు పడిందా, హక్కు పోయింది. వకీలు విలువ ఆ 61వ రోజున తెలుస్తుంది.

వకీలుకు ఫీజెక్కడిదంటారా? జైల్లో వున్నవాళ్లకూ, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకూ 1987 నాటి చట్టం ఉచితంగా వకీలునిస్తుంది. 15100కు ఫోను చేస్తే న్యాయసేవా సంస్థ వాళ్లు చెబుతారు. మా ఆమె చేత నేనే చేయించాను. తెచ్చిన డబ్బు ఇంకా కొంగునే వుంది, వడ్డీ పెరక్కముందే వెళ్లి దుద్దులు విడిపించుకోమన్నాను.