బల్బుకు పాస్‌వర్డ్ చెప్పేదెలా?

ఈ హాస్టల్లో చదువుకుని, ఐటీఐ చేసి, ఎలక్ట్రీషియన్లుగా స్థిరపడిన వాళ్ళం మేము. ఇళ్ళకు వైరింగు, మోటార్లు, ఇన్వర్టర్లు మా పని. ఈమధ్య కొత్తరకం పిలుపులు వస్తున్నాయి. "స్మార్ట్ బల్బు కొన్నాం. వైఫైకి కనెక్ట్ కావడం లేదు. కాస్త చూసిపెట్టు" అంటారు. బల్బు బిగించడానికి నిమిషం చాలు. దాన్ని వైఫైకి కలపడానికి ఒక్కోసారి ఒక పూట పడుతుంది. ఆ పూటకు కూలి ఎవరూ ఇవ్వరు. పైగా "ఐటీఐ చదివావు, ఇది కూడా రాదా?" అనే మాట ఒకటి. ఆ మాట పడిన తర్వాతే మేము ఈ విషయాన్ని మొదటినుంచి నేర్చుకున్నాం. మన తమ్ముళ్ళు ఆ మాట పడకూడదనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

అసలు చిక్కు ఏమిటి?

సెల్‌ఫోన్‌కు తెర ఉంది, అక్షరాలు కొట్టే వీలుంది. వైఫై పేరు చూసి పాస్‌వర్డ్ కొడితే సరిపోతుంది. బల్బుకు, ప్లగ్గుకు ఆ వీలు లేదు. వైఫైలో చేరాలంటే పాస్‌వర్డ్ తెలియాలి. పాస్‌వర్డ్ తెలియాలంటే ముందు దానితో ఎవరో ఒకరు మాట్లాడాలి. వైఫైలో చేరకుండా మాట్లాడేదెలా? ట్రంకుపెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం నొక్కేసినట్టు ఉంటుంది వ్యవహారం. మన హాస్టల్లో ఆ పని చేయనివారు ఎందరున్నారు? కంపెనీలు ఇన్నేళ్ళుగా తెచ్చిన పద్ధతులన్నీ ఈ ఒక్క చిక్కును విప్పడానికే.

వచ్చిన పద్ధతులు

మొదటిది మీట నొక్కే పద్ధతి. దీని పేరు డబ్ల్యూపీఎస్. వైఫై అలయన్స్ అనే సంస్థ 2007లో దీనికి ధ్రువీకరణ ఇవ్వడం మొదలుపెట్టింది. రౌటర్ మీద మీట నొక్కి, 2 నిమిషాల లోపు పరికరం మీద కూడా నొక్కితే రెండూ కలుస్తాయి. ఇందులోనే 8 అంకెల పిన్‌తో కలిపే మార్గమూ పెట్టారు. దెబ్బ అక్కడే తగిలింది. 8 అంకెలంటే 10 కోట్ల రకాలు కదా, ఎవరు కనుక్కోగలరు అనుకుంటాం. కానీ రౌటర్ ఆ పిన్‌ను రెండు భాగాలుగా సరిచూస్తుంది. మొదటి 4 అంకెలకు 10,000 రకాలు. తర్వాతి 3 అంకెలకు 1,000 రకాలు. చివరి అంకె ముందున్న వాటినుంచి లెక్కకట్టేదే. ఒకేసారి సరిచూస్తే 10,000ను 1,000తో గుణించాలి. విడివిడిగా సరిచూస్తే కూడితే చాలు. కాబట్టి 11,000 ప్రయత్నాల లోపే దొంగకు పిన్ దొరుకుతుంది. 2011 డిసెంబరులో ఈ లోపం బయటపడింది. కూడికకు, గుణకారానికి ఉన్న తేడా ఎంతటిదో చూడండి!

రెండో పద్ధతిలో పరికరమే తాత్కాలికంగా ఒక చిన్న వైఫై పెడుతుంది. మన ఫోన్ ఇంటి వైఫైని వదిలి దానితో కలవాలి. పాస్‌వర్డ్ అందించి మళ్ళీ ఇంటి వైఫైకి రావాలి. ఆ చిన్న వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది చూసి ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. పని మధ్యలో ఆగిపోతుంది. మా పూటలు ఎక్కువగా పోయింది ఇక్కడే.

మూడోది బ్లూటూత్. ఫోన్ పరికరంతో బ్లూటూత్‌లో మాట్లాడి పాస్‌వర్డ్ అందిస్తుంది. ఇంటి వైఫైని వదలాల్సిన పని లేదు.

నాలుగోది క్యూఆర్ కోడ్. 2018లో వైఫై అలయన్స్ 'ఈజీ కనెక్ట్' అనే పద్ధతిని ప్రకటించింది. 2022 అక్టోబరులో 'మ్యాటర్' అనే ఉమ్మడి ప్రమాణం మొదటి రూపం వెలువడింది. యాపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ వంటి పోటీదారులంతా ఇందులో చేరారు. పరికరం మీది కోడ్‌ను స్కాన్ చేస్తే, లేదా 11 అంకెల సంఖ్య కొడితే, ఫోన్ ముందు ఆ పరికరాన్ని గుర్తుపడుతుంది. తర్వాతే వైఫై వివరాలను ఇతరులు చదవలేని రూపంలో పంపుతుంది. అయితే అన్ని పరికరాలకూ ఈ సౌకర్యం లేదు. కొనేముందు అట్టపెట్టె మీద మ్యాటర్ గుర్తు ఉందేమో చూడాలి.

పనిలో మేము నేర్చుకున్నవి

1. ఇలాంటి పరికరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంచితే ఎన్నిసార్లు ప్రయత్నించినా కలవవు. ముందు ఇదే చూడండి.

2. రెండో పద్ధతిలో కలిపేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి.

3. క్యూఆర్ కోడ్ కొన్ని బల్బుల ఒంటి మీదే ఉంటుంది. బిగించకముందే ఇంటివారి ఫోన్‌తో దాన్ని ఫొటో తీయించండి. లేకపోతే మళ్ళీ నిచ్చెన ఎక్కాల్సిందే.

4. రౌటర్ మార్చినప్పుడు పాత పేరు, పాత పాస్‌వర్డ్, అదే రకం భద్రత పెడితే చాలావరకు పరికరాలు వాటంతట అవే కలుస్తాయి.

తేలిక వేరు, తెరిచి ఉంచడం వేరు

2016లో 'మిరాయ్' అనే హానికర ప్రోగ్రామ్ కెమెరాలు, రౌటర్లు వంటి ఎన్నో పరికరాలను వశం చేసుకుంది. దానికి గొప్ప విద్య ఏమీ అక్కరలేకపోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లను ఎవరూ మార్చలేదు, అంతే. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ పరికరాలతో డైన్ అనే సంస్థ మీద జరిపిన దాడిలో అమెరికాలో ట్విట్టర్ వంటి పెద్ద సైట్లు గంటల తరబడి అందలేదు. అందుకే పని పూర్తయ్యాక ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్పించకుండా ఆ ఇంటినుంచి కదలకండి.

తమ్ముళ్ళూ, చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తొందరగా అవుతుందని మన ఫోన్‌తో, మన ఖాతాతో ఎవరింటి పరికరాన్నీ కలపకండి. అలా కలిపిన కెమెరా మనం వెళ్ళిపోయాక కూడా మన ఫోన్‌లోనే కనిపిస్తుంది. రేపు ఆ ఇంట్లో ఏ చిన్న వస్తువు పోయినా ముందు వేలు చూపేది మనవైపే. పాస్‌వర్డ్ అడగవద్దు. ఫోన్ ఇంటివారి చేతికే ఇచ్చి, వారినే కొట్టమనండి. ఆ రెండు నిమిషాలు మనం పక్కకు తిరిగి నిలబడదాం. పని తెలిసినవాడనే పేరుతోపాటు నమ్మదగినవాడనే పేరు కూడా మనకు కావాలి.

వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒక పాత రౌటర్, రెండు బల్బులు, ఒక ప్లగ్గు తెస్తాం. స్టడీ అవర్ అయ్యాక అందరం కూర్చుని మీ చేతులతోనే కలిపి చూద్దాం.